ఊ కొడుతూ చూడండి

సంగీతం మీద తీసిన డాక్యుమెంటరీల్లో ఏవి చూడమంటారని మంథనిలో నన్ను అడిగేవాళ్ళు ఈ మధ్య ఎక్కువయ్యారు. పేర్లు చెబుతాను. అంతకంటే ముందు ఎలా చూడాలో చెబుతాను. గది చీకటి చేయాలి, హెడ్‌ఫోన్లు పెట్టుకోవాలి, ఫోను దూరంగా పెట్టాలి, మొదటి నిమిషం నుంచి చివరి పేరు పడేదాకా కదలకుండా, మాట్లాడకుండా కూర్చోవాలి అని సినిమా తెలిసినవాళ్ళు చెబుతారు. నేనూ చాలా ఏళ్ళు అట్లాగే చూశాను. పక్కవాళ్ళు దగ్గితే విసుక్కున్నాను. ఇప్పుడు ఆ నియమాల్లో ఒక్కటి కూడా పాటించవద్దని గట్టిగా చెబుతున్నాను. సంగీతం సినిమాను ఒగ్గు కథకు పోయినట్టు చూడాలి.

ఒగ్గు కథ ఎరగనివాళ్ళకు నాలుగు మాటలు. మా వైపు మల్లన్న పట్నాలకు, బీరప్ప పండుగకు, ఎల్లమ్మ కొలుపుకు ఒగ్గువాళ్ళు వస్తారు. ఒగ్గు అంటే శివుడి చేతి డమరుకం. కథ చెప్పే ఆయన ఒకరు, వంత పాడేవాళ్ళు ఇద్దరు ముగ్గురు, డోలు, తాళాలు. రాత్రి అన్నాలైనాక మొదలైన కథ తెల్లారినా ఒడవదు. కథకుడు ఒక మాట అనగానే పక్కాయన 'ఊ' అంటాడు. 'ఔనా' అంటాడు, 'మరి ఆమె ఏమన్నది' అని అడుగుతాడు. ఆ ఊ పడకపోతే కథ అడుగు ముందుకు వేయదు. జనం మధ్యలో లేచిపోయి వస్తారు, పిల్లలు నిద్రపోయి లేస్తారు, నచ్చినవాళ్ళు పైసలు చదివిస్తారు. ఇచ్చినవాళ్ళ పేరు కథలోనే కలిపి చెబుతారు. వేములవాడ దగ్గరి హన్మాజీపేట ఒగ్గు కళాకారుడు మిద్దె రాములు ఈ కథను 1990లో మారిషస్‌లో జరిగిన ప్రపంచ తెలుగు మహాసభల దాకా తీసుకుపోయారు.

మా పెరటి గోడకు సున్నం వేసి, వడ్ల గుమ్మి మీద ప్రొజెక్టరు పెట్టి, శనివారం రాత్రి పూట వాడకట్టు వాళ్ళకు సినిమాలు వేస్తున్నాను. కింద చెప్పేవన్నీ ఆ గోడ ముందు నేర్చుకున్నవి.

దీపం ఆర్పకండి

గోడ మీద బొమ్మ కొంచెం వెలిసినట్టు కనబడినా పరవాలేదు, వాకిట్లో ఒక బల్బు వెలగాలి. మా దగ్గరికి వచ్చే ఆడవాళ్ళలో సగం మంది బీడీలు చేసేవాళ్ళు. ఒళ్ళో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, తంబాకు. చీకటి చేస్తే వాళ్ళు రారు. చీకట్లో చూసే సినిమాకు ఒక్కొక్కరూ ఒంటరే అవుతారని వాళ్ళ వల్లనే తెలిసింది. ఒగ్గు కథ పెట్రోమాక్స్ లైటు వెలుగులో నడిచేది. ఎల్లమ్మ కష్టం చెబుతుంటే ఎవరు కొంగు కళ్ళకు అద్దుకున్నారో అందరికీ కనిపించేది.

2023 మార్చిలో 'బలగం' వచ్చినప్పుడు తెలంగాణ ఊళ్ళల్లో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. కూడళ్ళలో, బడి ఆవరణల్లో తెరలు కట్టుకొని ఊరు ఊరంతా కలిసి చూసింది. అది కథాచిత్రమే, కాదనను. కానీ చివర్లో మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడిన ఘట్టాన్ని నేను డాక్యుమెంటరీల లెక్కలోనే వేసుకుంటాను. చావు దినాల్లో వచ్చి, పోయిన మనిషి గురించి ఇంటివాళ్ళ ముందు పాడడం మా దిక్కు నిజంగా ఉన్న ఆనవాయితీ. ఆ పాట దగ్గర తెరను చూసినవాళ్ళ కంటే పక్కన కూర్చున్న అన్నదమ్ముల మొహాలు చూసినవాళ్ళే ఎక్కువ. మొగిలయ్య 2024 డిసెంబరులో కన్నుమూశారు. ఆ పాటను మళ్ళీ చూసేవాళ్ళు ఫోనులో చూడకండి, నలుగురిని పోగేసి లైటు వేసి చూడండి.

మొదటి నుంచి మొదలుపెట్టకండి

పీటర్ జాక్సన్ 2021లో తెచ్చిన 'గెట్ బ్యాక్' దాదాపు ఎనిమిది గంటలు. ఇంగ్లండు బృందం బీటిల్స్ 1969 జనవరిలో కొత్త పాటలు కట్టుకుంటుంటే తీసిన ఫిల్ము అది. ప్రారంభం నుంచి వేస్తే మా వాకిలి గంటలో ఖాళీ అవుతుంది. మొదటి భాగంలో ఒక చోటు ఉంది. జాన్ లెనన్ ఇంకా రాలేదు. పాల్ మెకార్ట్నీ కూర్చొని బేస్ గిటారు గట్టిగా గీకుతూ ఏదో గొణుగుతుంటాడు. ఎదురుగా జార్జ్ హారిసన్ ఆవులిస్తాడు. మాటలు లేవు, ఉత్త కూనిరాగం. రెండు మూడు నిమిషాలు గడిచేసరికి ఆ గొణుగుడులోంచి, తర్వాత లోకమంతా పాడుకున్న పాట తల ఎత్తుతుంది. అక్కడి నుంచి వేయండి. రుచి తగిలితే జనమే వెనక్కి పొమ్మంటారు.

ఆ ముక్కను మేము నాలుగుసార్లు వేసుకున్నాం. బతుకమ్మకు కొత్త పాటలు కట్టే ఒకామె చేతిలో బీడీ ఆపి, "నాకు గూడ గట్లనే అత్తది. ముందుగాల రాగం అత్తది, మాటలు ఎనకసిరి పొయ్యి కాడ దొరుకుతయి" అన్నది. ఎనిమిది గంటల సినిమా మీద ఇంతకంటే పనికొచ్చే మాట నేను ఎక్కడా వినలేదు.

సబ్‌టైటిళ్ళు మూసేయండి

అక్షరాలు చదివే కళ్ళు చేతుల్ని చూడవు. చదవలేనివాళ్ళు తమకు సినిమా అక్కర్లేదనుకొని లేచిపోతారు. దీనికి మందు వంతపాటే. భాష తెలిసిన ఒకరు గోడ పక్కన నిలబడి మన మాటల్లో చెబుతూ పోవాలి, మిగిలినవాళ్ళు ఊ కొట్టాలి, అడగాలి. మాటలు రాని సినిమాల కాలంలో జపాన్ థియేటర్లలో బెన్షీలనే కథకులు తెర పక్కన నిలబడి ఇదే పని చేసేవారు. వాళ్ళలో కొందరి పేరు చూసి టికెట్టు కొన్నవాళ్ళూ ఉన్నారు.

మా దగ్గర ఇంగ్లిషు సినిమాలకు డిగ్రీ చదివే అమ్మాయి వంత పాడుతుంది. హిందీ, ఉర్దూ అయితే నిజాం కాలంలో ఉర్దూలో అక్షరాలు దిద్దుకున్న తాత ఒకాయన ఉన్నారు, తొంభైకి దగ్గరపడ్డారు. గౌతమ్ ఘోష్ 1989లో బిస్మిల్లాఖాన్ మీద తీసిన 'సంగ్-ఎ-మీల్ సే ములాఖాత్' ఆయనే చెప్పారు. మన 'మా భూమి' తీసిన గౌతమ్ ఘోషే ఈయన. 1980లో వచ్చిన ఆ సినిమాలో బండి యాదగిరి కట్టిన పాటను గద్దర్ తెర మీద పాడడం మా వాళ్ళలో పెద్దలందరికీ గుర్తే, కాబట్టి షెహనాయి సినిమాకు వేరే పరిచయం అక్కర్లేకపోయింది. కాశీలో ఉస్తాద్ మాట్లాడుతుంటే మా తాత ఒక్కో వాక్యానికి రెండు వాక్యాలు చెప్పారు. రెండోది తన సొంతం. ఆ ఉర్దూలో ఆదరం ఎంత ఉందో, ఏ మాట దగ్గర గొంతు తగ్గించారో చెప్పే వాక్యం అది. అచ్చులో పడే సబ్‌టైటిల్ ఆ పని చేయదు.

పెద్ద స్పీకర్లు వద్దు

డీజే పెట్టెలు అసలే వద్దు. చిన్న స్పీకరు చాలు. సరిగా వినబడకపోతే జనం దగ్గరికి జరుగుతారు.

కొంతసేపు శబ్దం పూర్తిగా తీసేయండి

సంగీతం సినిమాను శబ్దం లేకుండా చూడమంటే పిచ్చి అనుకుంటారు. నేను డప్పు కాక దగ్గర నేర్చుకున్న పాఠం ఇది. మా చుట్టుపక్కల చావైనా పండుగైనా ఆయన బృందమే కొడుతుంది. ఒకసారి తోలు వాద్యాల మీద ఎవరో తీసిన చిన్న సినిమా వేశాను. ఐదు నిమిషాలు కాగానే కాక "సారూ, సప్పుడు బంద్ చెయ్యి" అన్నాడు. తీసేశాను. లేచి గోడ దగ్గరికి పోయి నిలబడ్డాడు. సగం బొమ్మ ఆయన వీపు మీద పడుతోంది. "మల్లొక్కపారి" అన్నాడు. మూడుసార్లు వెనక్కి తిప్పాను.

"కుడిచేతి సిర్ర సూడు సారూ. ఇంక పైననే ఉన్నది. ఇందాక మనకు దెబ్బ ఇనవడ్డది గిక్కడనే. గీ సప్పుడు గీ మనిషిది కాదు."

మళ్ళీ శబ్దం పెట్టి చూస్తే ఆయన చెప్పిందే నిజం. బొమ్మ ఒకచోట తీసి, ఎక్కడో పట్టుకున్న మోతను దాని మీద అతికించారు. డాక్యుమెంటరీల్లో ఇది కొత్తేమీ కాదు, దానికి కారణాలూ ఉంటాయి. కానీ వాయించే మనిషి కంటికి అది తప్పించుకోలేదు. తర్వాత కాక ఇంకో మాట కూడా అన్నాడు. ఆ తోలు మంట దగ్గర కాగలేదట, అంచు కిందికి వాలిన తీరు చూస్తే తెలుస్తుందట. డప్పును గడ్డి మంటకు కాచి బిగువు తెప్పించడం మనందరం చూసిందే. బిగువు తప్పిన తోలు ఎట్లా కనబడుతుందో మాత్రం ఆ రోజే చూశాను.

అందుకని ఇప్పుడు ఏ సినిమా అయినా మొదటి పది నిమిషాలు మూగగా వేస్తాను. చేతులు, నోరు, మెడ నరాలు, పక్కన కూర్చున్న శిష్యుడి కళ్ళు. ఇవన్నీ చూశాక చెవులు వాటంతట అవే ఆకలి మీద ఉంటాయి.

మీ ఇంటి పెళ్ళి క్యాసెట్ వెతకండి

నేను చెప్పేవాటిలో దీన్ని మాత్రం మర్చిపోకండి. 'సమ్మర్ ఆఫ్ సోల్' అని 2021లో వచ్చిన అమెరికా సినిమాకు ఆస్కార్ వచ్చింది. 1969 వేసవిలో న్యూయార్క్‌లోని హార్లెంలో నల్లజాతి గాయకుల కచేరీలు జరిగాయి. హాల్ టుల్చిన్ అనే ఆయన వాటిని టేపుల మీద పట్టుకున్నాడు. కొనేవాళ్ళు లేక ఆ టేపులు దాదాపు యాభై ఏళ్ళు ఇంటి అడుగున పడి ఉన్నాయి. మంచి సినిమా, తప్పక చూడండి. చూశాక మీ ఇనుప పెట్టె తెరవండి.

మా పెట్టె అడుగున మా అక్క పెళ్ళి క్యాసెట్ దొరికింది. 1990ల నాటిది. టేపు బూజు పట్టింది. కరీంనగర్ తీసుకుపోయి పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించుకొచ్చాను. ఆ రోజుల్లో వీడియో తీసినవాళ్ళు చేసిన పని మీకు గుర్తుండే ఉంటుంది. ఎదుర్కోళ్ళు, పోలు, తలంబ్రాలు, నాగవెల్లి, బరాత్, ప్రతిదాని మీద ఒక సినిమా పాట అతికించి ఇచ్చేవారు. పెళ్ళిలో పుట్టిన అసలు మోతనంతా తుడిచేసేవారు. వాళ్ళకు అది ముస్తాబు. మనమూ ముచ్చటపడి పైసలిచ్చాం. ఉత్తర తెలంగాణలో ఒక తరం ఆడవాళ్ళ గొంతులు ఇట్లా పోయాయి. తలుచుకుంటే ఇప్పటికీ నాకు కడుపులో దేవినట్టవుతుంది.

అప్పగింతల దగ్గర ఆడవాళ్ళు వరుసగా నిలబడి పాడుతున్నారు. నోళ్ళు కదులుతున్నాయి. వినబడేది ఏదో హీరో పాట. వరుసలో మూడో మనిషి మా పెద్దత్త, పోయి పదేళ్ళు దాటింది. గోడ ముందు చాపలో మా చిన్నత్త కూర్చొని ఉంది. "సప్పుడు తియ్యి బిడ్డా" అన్నది. తీసేశాను. తన అక్క పెదవుల వంక కన్నార్పకుండా చూసింది. పెదవులు కలిసినచోట ఒక అక్షరం, నోరు గుండ్రంగా తెరిచినచోట ఒక అక్షరం. రెండోసారి తిప్పినప్పుడు మొదటి ముక్క దొరికింది, నెమ్మదిగా అన్నది. పక్కనున్న ఇద్దరు ముసలమ్మలు అందుకున్నారు. మూడోసారి వేసేసరికి గోడ మీద పెద్దత్త నోరు, కింద చిన్నత్త గొంతు ఒక్కచోట కలిశాయి. శ్వాస తీసుకునే చోటు కూడా కలిసింది.

పాట ఐదు చరణాలు. నాలుగో చరణం మొదలవుతుండగా కెమెరా ఆడవాళ్ళను వదిలి పెళ్ళికొడుకు జోళ్ళ మీదికి పోయింది. తిరిగి వచ్చేసరికి ఐదో చరణం నడుస్తోంది. నాలుగోది మా చిన్నత్తకూ గుర్తులేదు, ఎవరికీ గుర్తులేదు. గోదావరి అవతల చెన్నూరులో మా చుట్టాలున్నారు. వాళ్ళ ఇళ్ళల్లో క్యాసెట్లు ఏమన్నా ఉన్నాయేమోనని అడుగుతున్నాం.

సంగీతం అని రాసిపెట్టిన అరలో వెతకకండి

ఆ అరలో దొరికేవి ఎక్కువగా పేరున్న మనుషుల జీవితకథలు. బాల్యం, కీర్తి, తాగుడు, తిరిగి రావడం. రెండు మూడు చూస్తే నాలుగోది మీరే చెప్పగలరు. పాట ఎక్కడ పుడుతుందో ఆ పని మీద తీసిన సినిమాలు వెతకండి.

మాకు పక్కనే గోదావరిఖని, సెంటినరీ కాలనీ. ఇంటికొకరు బొగ్గుబాయిలో చేసినవాళ్ళు. మంథని పక్క గాజులపల్లిలో పుట్టిన అల్లం రాజయ్య కథల్లో ఉన్నది ఆ బతుకే. వాళ్ళ కోసం నేను వేసింది బార్బరా కోపుల్ 1976లో తీసిన 'హార్లన్ కౌంటీ, యు.ఎస్.ఎ.'. దాన్ని ఏ జాబితాలోనూ సంగీతం సినిమా అనరు. అమెరికాలోని కెంటకీలో బ్రూక్‌సైడ్ గని కార్మికులు 1973లో చేసిన సమ్మె మీద తీశారు. మగవాళ్ళను కోర్టు ఉత్తర్వులు ఆపితే ఆడవాళ్ళు కట్టెలు పట్టుకొని రోడ్డు మీదికి వస్తారు. సినిమా పొడుగునా గని పాటలు. ఒక సభలో ఫ్లోరెన్స్ రీస్ అనే ముసలావిడ లేచి, మీరు ఎవరి పక్షమని అడిగే తన పాట పాడుతుంది. 1931లో పోలీసులు ఇంటి మీద పడ్డప్పుడు క్యాలెండరు కాగితం వెనుక రాసుకున్న పాట అది. గొంతు పగిలిపోయి ఉంటుంది, శ్రుతి ఉండదు. సభ మొత్తం లేచి నిలబడి కలుపుతుంది. మా దగ్గర కోల్ ఫిల్లరుగా చేసి రిటైరైన పెద్దాయన 2011 సకల జనుల సమ్మె రోజులు చెప్పడం మొదలుపెట్టారు. సింగరేణి ముప్పై రోజులకు పైగా ఆగిన రోజులవి. గేటు దగ్గర పాడిన పాటలు ఒక్కొక్కటే తీశారు. సినిమా ఆపేశాం. రాత్రి ఒంటిగంట దాకా ఆయనే నడిపించారు.

'అప్ డౌన్ అండ్ సైడ్‌వేస్' 2017లో వచ్చింది. అనుష్క మీనాక్షి, ఈశ్వర్ శ్రీకుమార్ తీశారు. నాగాలాండ్‌లో ఫేక్ అనే ఊరు. కొండవాలు మడుల్లో వరి వేసేవాళ్ళు పని చేస్తూ పాడతారు. ఒకరు ఎత్తుకుంటే ఇంకొకరు కింది స్థాయిలో అందుకుంటారు, పాట ఆగితే చేయి ఆగుతుంది. వాటిని వాళ్ళు 'లి' అంటారు. సినిమాలో కూలి గురించి, ప్రేమ గురించి వాళ్ళు చెప్పే మాటలు కొన్నే, మిగతాదంతా బురద, చేతులు, గొంతులు. నాట్లు వేసిన మా ఆడవాళ్ళు భాష ఒక్క ముక్క తెలియకుండా మొత్తం చూశారు. వంతపాట కూడా అక్కర్లేకపోయింది. "గాళ్ళు ఎనుకకు నడుసుడు లేదేంది?" అని ఒకామె అడిగింది. మన నాటులో వెనక్కి నడుస్తూ వేస్తాం కాబట్టి పాట కూడా వెనక్కి నడిచే అడుగుకు సరిపోయి ఉంటుందని ఆమె వాదం. నాకు ఆ ఆలోచన ఎప్పుడూ రాలేదు.

వేదం చదువుకున్న ఇళ్ళు మంథనిలో పాతకాలం నుంచి ఉన్నాయి, ఈ ఊరికి మంత్రపురి అనే పేరే ఉంది. ఆ ఇళ్ళవాళ్ళకు నేను చెప్పే సినిమా రాబర్ట్ గార్డ్‌నర్, ఫ్రిట్స్ స్టాల్ చేసిన 'ఆల్టర్ ఆఫ్ ఫైర్'. 1975లో కేరళలోని పాంజాళ్‌లో నంబూద్రి బ్రాహ్మణులు పన్నెండు రోజులు చేసిన అగ్నిచయనం అది. ఇటుకలతో పక్షి ఆకారంలో వేదిక కడతారు, చివరి రోజు యాగశాలను కాల్చేస్తారు. యజ్ఞం సంగతి పక్కన పెట్టి సామగానం కోసం చూడమంటాను. మంత్రం పక్షి కూతకు దగ్గరిదని స్టాల్ అనేవాడు. మా ఊరి పెద్దలు ఒకరు ఆ పోలికకు ఒప్పుకోలేదు. ఒప్పుకోకుండా అరగంట స్వరం చెప్పి వినిపించారు.

పండుగ నెలలో ఆ పండుగ సినిమా వద్దు

1982లో బీబీసీ 'వరల్డ్స్ అపార్ట్' వరుసలో మన ఆదిలాబాద్ రాజ్ గోండుల మీద సినిమా వచ్చింది. వాళ్ళ మధ్య ఉండి పరిశోధన చేసిన మైకేల్ యార్క్ దానికి తోడున్నారు. దొరికితే చూడండి, కానీ దీపావళి రోజుల్లో చూడకండి. అప్పుడు గోండుల దండారి పండుగ నడుస్తుంటుంది. నెమలి ఈకల టోపీలు పెట్టుకొని, ఒంటికి బూడిద రాసుకొని గుస్సాడీలు ఊరి నుంచి ఊరికి పోతారు. గుమేల, పెప్రె, డప్పు మోగుతుంటాయి. మంథని నుంచి మంచిర్యాల, ఆసిఫాబాద్ మీదుగా జైనూరు దిక్కు బస్సులున్నాయి. మార్లవాయి అక్కడే. మానవ శాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1940లలో ఉన్న ఊరు, గుస్సాడీ కనకరాజు ఊరు. 2021లో పద్మశ్రీ అందుకున్న కనకరాజు 2024 అక్టోబరులో, దండారి రోజులు దగ్గరపడుతుండగా పోయారు. సినిమా ఎండాకాలం వేసుకోవచ్చు.

గడియారం పట్టుకొని చూడండి

మన కళాకారుల మీద ఫోన్లలో తిరిగే చిన్న వీడియోలకు నేనొక లెక్క పెట్టుకున్నాను. పది నిమిషాల వీడియోలో మనిషి తెంపు లేకుండా ఎంతసేపు వాయించాడు? మూడు నిమిషాలు లేకపోతే రెండోసారి చూడను. పన్నెండు మెట్ల కిన్నెర దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆయన మీద వచ్చిన వీడియోల్లో చాలావాటిలో ఇల్లు, పింఛను, కష్టం గురించి అడుగుతారు. అడగాల్సిందే. కానీ కిన్నెర ఒడిలో పెట్టుకున్న మనిషిని మాట మాటకూ ఆపి అడుగుతారు. కిన్నెర మీద ఒక కథ మొదలైతే అది ముగిసేదాకా ఉండే ఓపిక ఉండదు.

సత్యజిత్ రాయ్ 1976లో బాలసరస్వతి మీద తీసిన 'బాల' ముప్పై మూడు నిమిషాలే. సముద్రపు ఒడ్డున గాలికి కొంగు ఎగిరిపోతుంటే ఆమె అభినయం చేస్తుంది, కెమెరా తొందరపడదు. గాలి వల్ల నాట్యం చెడిందని నొచ్చుకున్నవాళ్ళు ఉన్నారు. నాకు ఆ గాలి కూడా కావాలి. ఆనంద్ పట్వర్ధన్ 'జై భీమ్ కామ్రేడ్' మూడు గంటలు దాటుతుంది, తీయడానికి పద్నాలుగేళ్ళు పట్టింది. 1997లో ముంబయి రమాబాయి కాలనీ కాల్పుల తర్వాత ప్రాణం తీసుకున్న గాయకుడు విలాస్ ఘోగ్రేతో మొదలవుతుంది. తెలంగాణ ఉద్యమ ధూం ధాంలు చూసి పెరిగినవాళ్ళు తప్పించుకోకూడని సినిమా. దాన్ని మేము మూడు శనివారాలు చేసుకొని చూశాం.

తెలిసినవాళ్ళు మధ్యలో అరవాలి

'సెర్చింగ్ ఫర్ షుగర్ మ్యాన్' 2012లో వచ్చింది, దానికీ ఆస్కార్ వచ్చింది. డెట్రాయిట్‌లో కూలిపని చేసుకునే రోడ్రిగ్స్ అనే గాయకుడి పాత రికార్డులు ఆయనకు తెలియకుండానే దక్షిణాఫ్రికాలో ఇల్లిల్లూ చేరాయి. కథ కళ్ళలో నీళ్ళు తెప్పిస్తుంది. లోకం ఆయనను పూర్తిగా మరిచిపోయిందన్నట్టు చూపిస్తారు. 1979లో, 1981లో ఆయన ఆస్ట్రేలియాలో కచేరీలు చేసి వచ్చాడు, సినిమా ఆ మాట ఎత్తదు. కాబట్టి ఆ చోటు రాగానే ఎవరైనా లేచి "ఆస్ట్రేలియా సంగతి?" అని గట్టిగా అడగాలి. ఒగ్గు కథలో పక్కాయన అట్లాగే అడుగుతాడు. అడిగిన తర్వాత కూడా ఆ సినిమా నాకు ఇష్టమే.

పూర్తి చేయకండి

మణి కౌల్ 1982లో ఫిల్మ్స్ డివిజన్ కోసం తీసిన 'ధ్రుపద్' 72 నిమిషాలు. జియా మొహియుద్దీన్ డాగర్ రుద్రవీణ, ఆయన తమ్ముడు ఫరీదుద్దీన్ గాత్రం. మణి కౌల్ వాళ్ళ దగ్గర నేర్చుకున్నవాడు కాబట్టి కెమెరా శిష్యుడు కూర్చున్నట్టు కూర్చుంటుంది. ఆలాపన ఎంత నెమ్మదిగా విప్పుకుంటుందంటే, మొదటిసారి మా పిల్లలు పావుగంటలో నిద్రపోయారు. నిద్రపోనివ్వండి. వీణ మీద వేలు జారిన చప్పుడుకు ఒక్కో పిల్ల లేచి, చూసి, మళ్ళీ పడుకుంది. చివర్లో కెమెరా ముంబయి ఇళ్ళ కప్పుల మీదుగా పోయే ఒక పొడుగాటి దృశ్యం ఉంది. దాని గురించి నేను ఎన్నోసార్లు చెప్పాను గానీ మా గోడ మీద ఇంతవరకు వేయలేదు. మూడుసార్లు 'ధ్రుపద్' పెట్టాం, మూడుసార్లూ ఎక్కడో ఒకచోట ఆపి మిగతాది మళ్ళీ చూద్దామనుకున్నాం.

మొన్నటి శనివారం దాదాపు అక్కడి దాకా వచ్చాం. పదకొండు దాటింది. చాటలో తునికాకు అయిపోయి బీడీ కట్టలు లెక్కపెట్టుకుంటున్న అవ్వ తల ఎత్తింది.

"ఇంక ఎంతున్నది కొడుకా?"

"పది నిమిషాలు ఉంటది అవ్వా."

"ఉండనియ్యి. గది అయిపోతే మల్ల ఎయ్యవు."

ప్రొజెక్టరు ఆపేశాను. వచ్చే వారం అక్కడి నుంచే వేస్తాను.